కెమెరాను అనుమానించే ముందు

కొత్త కెమెరా కొన్నవాళ్లు మొదటి రోజు చేసే పని ఎక్కడైనా దాదాపు ఒకటే. సంగారెడ్డి జిల్లాలోని కల్హేర్ చుట్టుపక్కల అయితే బండి నేరుగా నల్లవాగు ప్రాజెక్టు కట్ట మీదికి పోతుంది. ఒకప్పుడు కల్హేర్ మండలం పరిధిలో ఉన్న ఈ ప్రాజెక్టు కట్ట ఎక్కితే ముందు నీళ్లు, ఆవల గట్టు, దాని వెనక చేలు, ఇంకా వెనక ఏదో ఒక ఊరి నీళ్ల ట్యాంకు. జూమ్ లెన్స్‌ను చివరిదాకా తిప్పి ఆ ట్యాంకును ఫొటో కొడతారు. వెంటనే స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తారు. ట్యాంకు నిచ్చెన మెట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. నెల ఏప్రిల్, టైము మధ్యాహ్నం పన్నెండున్నర. లక్షలు పోసి తెచ్చిన వస్తువు మీద అనుమానం అక్కడ మొదలవుతుంది. "గిన్ని పైసలు పెట్టినా గిట్లనే వస్తదా అన్నా?" అని వెంట వచ్చిన తమ్ముడు అననే అంటాడు.

ఆ మసకకు కారణం గాలి కావచ్చు, చెయ్యి కావచ్చు, ట్రైపాడ్ కావచ్చు, ఫోకస్ కావచ్చు, లెన్స్ కావచ్చు. కెమెరా బాడీ పేరు ఈ వరుసలో అందరికంటే చివర రావాలి. మన దగ్గర అది మొదట వస్తుంది, ఎందుకంటే బిల్లు దాని పేరు మీదే ఉంది.

ఒక చిన్న లెక్క వేస్తే సంగతి తేలుతుంది. సోనీ 2019లో తెచ్చిన ఏ7ఆర్ 4 కెమెరాలో 6 కోట్ల 10 లక్షల పిక్సెళ్లు ఉన్నాయి. అడ్డంగా 9504, నిలువుగా 6336. సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 3.76 మైక్రాన్లు. దానికి 200 మిల్లీమీటర్ల లెన్స్ తగిలించి కిలోమీటరు దూరంలో ఉన్న ట్యాంకు వైపు తిప్పితే, ఒక్క పిక్సెల్‌కు ఆ ట్యాంకు మీద దక్కే చోటు దాదాపు 19 మిల్లీమీటర్లు, అంటే అంగుళం కూడా కాదు. ఏప్రిల్ మధ్యాహ్నం కిలోమీటరు మేర ఉడుకుతున్న గాలిలోంచి అంగుళం లోపు తేడాను పట్టుకొమ్మని అడుగుతున్నామన్నమాట. పాత 1.2 కోట్ల పిక్సెళ్ల కెమెరాకు ఈ పరీక్ష పెట్టినా గాలి ఇంతే కదిలేది. కాకపోతే ఆ కదలికను చూపించే శక్తి దానికి అంతగా లేదు.

ఈ గాలితో తగువు పడ్డ మొదటివాళ్లు ఫొటోగ్రాఫర్లు కారు. రెండు వందల ఏళ్ల కిందట సర్వే అధికారులు ఇదే ప్రాంతంలో దీంతో తలపడ్డారు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్‌లో మొదటి ఆధార రేఖ కొలిచి మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే దక్కన్ మీదుగా ఉత్తరానికి సాగింది. 1815లో బీదర్ సమీపంలోని దామరగిద్ద దగ్గర ఇంకో ఆధార రేఖ కొలిచారు. ఆ స్టేషన్ అక్షాంశం 18 డిగ్రీల 3 నిమిషాల 15 సెకన్లు. నారాయణఖేడ్ పట్టణం కూడా కాస్త అటూ ఇటూగా అదే అక్షాంశం మీద ఉంది. జార్జ్ ఎవరెస్ట్ 1847లో అచ్చు వేయించిన పెద్ద నివేదిక పేరులోనే ఈ అంకె ఉంది. ఎవరి పేరు ఎవరెస్ట్ శిఖరానికి పెట్టారో ఆ మనిషి లెక్కల్లో ఒక కొస మన పక్కనే పడిందన్న మాట నారాయణఖేడ్ బడిపిల్లల్లో ఎంతమందికి చేరిందో!

లాంబ్టన్ దగ్గర కోణాలు కొలిచే, 36 అంగుళాల చక్రం ఉన్న థియోడలైట్ ఉండేది. బరువు దాదాపు అర టన్ను. అంత పరికరం ఉండి కూడా పగలు దూరపు గుట్ట మీది జెండా నిలకడగా కనపడేది కాదు. వేడికి గాలి కదులుతుంటే జెండా కూడా కదిలేది. ఇక దుమ్ము లేని, తేటగా ఉండే గాలి కావాలంటే వానాకాలం రావాలి. వానాకాలంలో అడవిలోకి పోతే జ్వరాలు. 1818లో లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరిన ఎవరెస్ట్, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పనిచేస్తూ తీవ్రమైన జ్వరం పాలై, కోలుకోవడానికి కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాకా పోవాల్సి వచ్చింది. లాంబ్టన్ 1823 జనవరిలో హింగన్‌ఘాట్ దగ్గర చనిపోయాక ఆ సర్వేను దామరగిద్ద నుంచి ఉత్తరానికి నడిపించింది ఎవరెస్టే. తర్వాత 1830లలో ఆయన పద్ధతే మార్చాడు. పగటి జెండాలకు బదులు రాత్రి దీపాలు పెట్టించాడు. పగలు చూడక తప్పని చోట ఎండను అద్దంతో మళ్లించే హీలియోట్రోప్ వాడాడు.

ఈ కథలో ఫొటోగ్రాఫర్‌కు పనికొచ్చేది ఒక చిన్న విషయం. థియోడలైట్‌ను మార్చినంత మాత్రాన ఆ చిక్కు తీరలేదు. ఎప్పుడు చూడాలి, దేన్ని చూడాలి అన్నది మార్చాకే తీరింది.

గాలి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే దాని వక్రీభవన గుణకం పది లక్షల్లో ఒక వంతు మేర తగ్గుతుంది. వినడానికి ఏమీ కానట్టే ఉంటుంది. కానీ నల్లరేగడి నేల ఎండలో గాలికంటే బాగా ఎక్కువగా వేడెక్కుతుంది. నేలను ఆనుకున్న వేడి గాలి పైకి లేస్తూ, పై గాలి కిందికి దిగుతూ, ఒక్కో తెర ఒక్కో వేడిమితో వెలుతురును కొద్దికొద్దిగా వంచుతూ పోతుంది. అవి కలిసి కిలోమీటరు దాటేసరికి నిచ్చెన మెట్లు అలల్లా ఊగుతాయి. ఎండమావి అని పల్లెలో ఎప్పటినుంచో అంటున్నది దీన్నే. దగ్గరి వస్తువు మీద కూడా దీని ప్రభావం ఉంటుంది, కాకపోతే కంటికి కనపడనంత తక్కువ. కెమెరా కంటికి మాత్రం కనపడుతుంది.

కాబట్టి బయట షార్ప్‌నెస్ పరీక్ష పెట్టేవాళ్లు ముందు పొద్దును చూసుకోవాలి. సూర్యుడు పొడిచాక గంట, గంటన్నర లోపు గాలి బాగా కుదురుగా ఉంటుంది. సాయంత్రం పొద్దు వాలే ముందు మళ్లీ అలాంటి కాసేపు దొరుకుతుంది. ఆషాఢ, శ్రావణాల్లో ఒక వాన కురిసి మబ్బు పట్టిన రోజు ఇంకా మంచిది, దుమ్ము అణిగి ఉంటుంది, నేల వేడెక్కదు. చలికాలం పొద్దున మాత్రం కొంచెం మోసం చేస్తుంది. కోహీర్, నారాయణఖేడ్ వైపు డిసెంబరు చలి సంగతి తెలిసిందే. ఆ మంచు, పత్తి కట్టె కాల్చిన పొగ కలిసి ఫొటోను పాలిపోయేలా చేస్తాయి. పాలిపోవడం వేరు, అంచు చెదరడం వేరు. మంచులో ట్యాంకు నిచ్చెన వెలవెలబోయినా మెట్లు లెక్కపెట్టవచ్చు. ఎండమావిలో రంగు బాగానే ఉంటుంది, మెట్లే వంకర పోతాయి.

తప్పు గాలిదా, కెమెరాదా అని తేల్చే సులువైన ఉపాయం ఒకటుంది. ట్రైపాడ్ కదలకుండా, ఫోకస్ ముట్టుకోకుండా వరుసగా పది ఫొటోలు తీయాలి. ఇంటికొచ్చి ఒకే మూలను పెద్దది చేసి ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూడాలి. పదింటిలోనూ మసక ఒకే తీరుగా ఉంటే లెన్స్‌నో ఫోకస్‌నో అడగాలి. ఒకదాంట్లో మెట్టు ఇటు వంగి, ఇంకోదాంట్లో అటు వంగితే అది గాలి. దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. అయినా చాలామంది ఒక్క ఫొటో తీసి తీర్పు చెప్పేస్తారు.

తర్వాత ట్రైపాడ్. హైదరాబాద్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ (1844–1905) పెద్ద గాజు పలకల మీద తీసిన చిత్రాల్లో తలపాగా మడతలు ఇవాళ్టికీ లెక్కపెట్టవచ్చు. పలక పెద్దది కావడం ఒక కారణం. ఆ కెమెరాను చేత్తో పట్టుకుని తీయడం కుదరని పని కావడం ఇంకో కారణం. స్టాండు మీద పెట్టక తప్పదు, ఎదుటివాళ్లు కదలకుండా నిలబడక తప్పదు. ఇప్పుడు కెమెరా అరచేతిలోకి వచ్చింది, ఆ క్రమశిక్షణ మాత్రం కెమెరాతోపాటు రాలేదు.

రేగడి నేలలో ట్రైపాడ్ సంగతి వేరు. తడిగా ఉన్నప్పుడు కాళ్లు మెల్లగా దిగబడతాయి. మనిషికి తెలియదు. కానీ అర సెకను షట్టర్ తెరిచి ఉంచితే ఫొటోకు తెలుస్తుంది. వేసవిలో పగుళ్లు నోరు తెరిచి ఉంటాయి, ఒక కాలు పగులు అంచు మీద పడితే మనిషి పక్కన అడుగు వేసినా కదులుతుంది. కట్ట మీది బండరాయో, సిమెంటు దిమ్మెనో చూసుకోవాలి. అదీ లేకపోతే మూడు చెక్క ముక్కలు సంచిలో వేసుకుపోవచ్చు. మధ్య కడ్డీని పైకి లేపకూడదు. గాలి ఉంటే దాని కొక్కేనికి రాళ్ల సంచి కట్టాలి, ఆ సంచి నేలకు కాస్త తగిలేలా ఉండాలి, లేకపోతే అదే ఊగుతూ కెమెరాను కూడా ఊపుతుంది. బటన్ వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టుకోవాలి. చేతి వణుకు ఆపే స్టెబిలైజేషన్‌ను ట్రైపాడ్ మీద ఉంచాలో తీసేయాలో కెమెరాను బట్టి మారుతుంది. రెండు రకాలుగానూ తీసి చూసుకోవడమే మేలు.

కదలిక కెమెరా లోపలి నుంచి కూడా రావచ్చు. సోనీ 2013లో తెచ్చిన మొదటి ఏ7ఆర్‌లో ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ సౌకర్యం లేదు. షట్టర్ తెర కదిలే అదురు కొన్ని వేగాల దగ్గర ఫొటోలోకి వచ్చేది. 2015లో వచ్చిన తర్వాతి మోడల్‌లో ఆ సౌకర్యం పెట్టారు. ఎస్ఎల్ఆర్‌లలో అద్దం లేచేటప్పుడు వచ్చే అదురు అందరికీ తెలిసిందే, దానికి మిర్రర్ లాకప్ ఉంది. ఇలాంటి అదురు ఉందో లేదో తెలియాలంటే ఒకే దృశ్యాన్ని సెకనులో 8వ వంతు, 60వ వంతు, 250వ వంతు, 1000వ వంతు వేగాలతో తీసి పక్కపక్కన పెట్టాలి. మధ్యలో ఏదో ఒక వేగం దగ్గర మాత్రమే మసక కనిపిస్తే, అది గాలి కాదు, లెన్స్ కాదు, షట్టరో అద్దమో.

ఇక్కడిదాకా వచ్చినవాళ్లు ఇక ఫోకస్ చూసుకోవచ్చు. దీనికి తారు రోడ్డుకు మించిన పరికరం లేదు, అది కూడా కంకర తేలిన రోడ్డయితే మరీ మంచిది. ఆ రకం రోడ్లకు మనకేం కొదవ! కెమెరాను మోకాలి ఎత్తులో పెట్టి, నాలుగైదు మీటర్ల దూరంలో రోడ్డు మీద ఒక అగ్గిపెట్టె నిలబెట్టి, దాని మీద ఫోకస్ చేసి, లెన్స్ పూర్తిగా తెరిచి తీయాలి. ఏ రాళ్లు తేటగా వచ్చాయో చూస్తే ఫోకస్ సరిగ్గా ఎక్కడ పడిందో రోడ్డే చెబుతుంది. అగ్గిపెట్టె ముందు రాళ్లు తేటగా ఉంటే ఫోకస్ ముందుకు వచ్చింది, వెనక రాళ్లయితే వెనక్కి పోయింది. ఎస్ఎల్ఆర్‌లలో దీన్ని సరిచేసే సెట్టింగ్ చాలావాటిలో ఉంటుంది. మిర్రర్‌లెస్‌లో సెన్సరే ఫోకస్ చూసుకుంటుంది కాబట్టి ఈ తేడా అరుదు. మరీ అనుమానమైతే స్క్రీన్ మీద పెద్దది చేసుకుని చేత్తో ఫోకస్ తిప్పి ఒకటి, ఆటో ఫోకస్‌తో ఒకటి తీసి పోల్చుకోవాలి.

మూలల పరీక్షకు న్యూస్ పేపరు చాలు. అయితే పేపరును ఒక్కటే తెచ్చి గోడకు అంటిస్తే మధ్యలో ఒక అక్షరం, మూలలో ఇంకో అక్షరం పడతాయి, దేన్ని దేంతో పోల్చాలో తెలియదు. ఒకే రోజు, ఒకే ఎడిషన్, ఒకే పేజీ అయిదు ప్రతులు తెచ్చి ఒకటి మధ్యలో, నాలుగు మూలల్లో అంటిస్తే ఒకే అక్షరాన్ని అయిదు చోట్ల చూడవచ్చు. తెలుగు లిపి దీనికి చాలా బాగా పనికొస్తుంది. క్రావడి, ఋత్వం వంపులు, చిన్న అక్షరాల కింది ఒత్తులు లెన్స్ బలహీనతను ఇట్టే బయటపెడతాయి. పేపరు లేకపోతే పది రూపాయల కొత్త నోట్లు. వాటిలో కంటికి సరిగా అందని సూక్ష్మాక్షరాలు ఉంటాయి. కెమెరా గోడకు సరిగ్గా ఎదురుగా లేకపోతే ఒక పక్క మూలలు మాత్రమే మసకబారుతాయి. గోడకు ఒక చిన్న అద్దం ఆనించి, వ్యూఫైండర్ మధ్యలో లెన్స్ ప్రతిబింబమే కనిపించేలా కెమెరాను జరిపితే ఆ పేచీ తీరుతుంది.

గోడ పరీక్షలో తేలనిది ట్యాంకు తేలుస్తుంది. పొద్దున్నే, గాలి కుదురుగా ఉన్నప్పుడు, మూడు నాలుగు వందల మీటర్ల దూరంలోని ట్యాంకు నిచ్చెనను ఫ్రేమ్ మధ్యలో పెట్టి ఫోకస్ చేసి, ఆపైన ఫోకస్ కదపకుండా అదే నిచ్చెన నాలుగు మూలల్లోనూ పడేలా నాలుగు ఫొటోలు తీయాలి. నాలుగు మూలలూ మధ్య భాగం కంటే కొద్దిగా మెత్తగా ఉండటం ఏ లెన్స్‌కైనా సహజం. మూడు మూలలు ఒక తీరుగా ఉండి నాలుగోది మాత్రం చెడిపోతే లెన్స్ లోపలి గాజు ఒకటి పక్కకు జరిగి ఉండవచ్చు. బయటి పరీక్షల్లో నిజంగా దుకాణానికి తిరిగి పోదగ్గ దోషాల్లో ఇది మొదటిది.

ఇంకో పొరపాటు పాతకాలపు అలవాటు నుంచి వస్తుంది. ప్రకృతి దృశ్యమంటే ఎఫ్16, ఎఫ్22 అని ఫిల్ము రోజుల్లో నేర్పారు. లెన్స్ రంధ్రం చిన్నదైన కొద్దీ వెలుతురు అంచుల దగ్గర వంగి చుక్కను చిన్న వలయంగా పరుస్తుంది. పచ్చ వెలుతురుకు ఎఫ్8 దగ్గర ఆ వలయం అడ్డుకొలత సుమారు 10.7 మైక్రాన్లు, ఎఫ్16 దగ్గర 21.5. పిక్సెల్ వెడల్పు 3.76 మైక్రాన్లని ముందే చూశాం. ఎఫ్22 పెట్టి తీసి "మెగాపిక్సెళ్లు ఎక్కడ పోయినయ్?" అంటే అవి రంధ్రం దగ్గరే పోయాయి. ఎఫ్4 నుంచి ఎఫ్16 దాకా ఒక్కో మెట్టు తీసి చూస్తే తన లెన్స్ ఎక్కడ బాగుందో ఎవరికి వారికే తెలుస్తుంది. మామూలుగా ఎఫ్5.6, ఎఫ్8 ప్రాంతంలో తేలుతుంది.

షార్ప్‌నెస్ ఎక్కువైనా ఒక తలనొప్పి ఉంది. నికాన్ 2012లో 3.6 కోట్ల పిక్సెళ్ల డీ800ను తెచ్చినప్పుడు, సెన్సర్ ముందు ఉండే మసక ఫిల్టర్ ప్రభావం తీసేసిన డీ800ఇ అనే జోడీని కూడా అమ్మింది. తేట పెరిగింది, దాంతోపాటు సన్నని నేత మీద లేని గీతలు, రంగు అలలు వచ్చే అవకాశమూ పెరిగింది. ఇప్పటి అధిక రిజల్యూషన్ కెమెరాల్లో చాలావాటికి ఆ ఫిల్టరే లేదు. పెళ్లిళ్లు తీసేవాళ్లు పరీక్ష రోజునే ఇంట్లోంచి ఒక గద్వాల చీర, ఒక సన్నని గళ్ల చొక్కా తీసుకుపోయి నీడలో ఆరేసి వేర్వేరు దూరాల నుంచి తీసి చూసుకోవాలి. పెళ్లి అయిపోయాక "చీర మీద గీ రంగులేంది?" అని వధువు అన్నయ్య అడిగినప్పుడు నేర్చుకోవడం కంటే అది నయం.

మసకను చూసే చోటు కూడా మనిషిని తప్పుదారి పట్టిస్తుంది. 15.6 అంగుళాల మామూలు ల్యాప్‌టాప్ స్క్రీన్‌లో అడ్డంగా 1920 పిక్సెళ్లు ఉంటాయి. 9504 పిక్సెళ్ల ఫొటోను వంద శాతం దగ్గర చూడటమంటే దాదాపు అయిదున్నర అడుగుల వెడల్పున్న ఫ్లెక్సీకి జానెడు దూరంలో ముక్కు పెట్టి చూడటమే. ఫ్లెక్సీని అలా ఎవరూ చూడరు. కల్హేర్ స్టూడియోల్లో ఎక్కువగా తయారయ్యేది 12 బై 36 కరిజ్మా ఆల్బమ్. అందులో ఒక్క పేజీకి, అంటే 12 బై 18కి, అంగుళానికి 300 చుక్కల చొప్పున 5400 బై 3600 పిక్సెళ్లు కావాలి. 2.4 కోట్ల పిక్సెళ్ల కెమెరా ఆ పని హాయిగా చేస్తుంది. రెండు పేజీలకూ ఒకే ఫొటో పరిస్తే మాత్రం దానికి అంగుళానికి 167 చుక్కలే దక్కుతాయి, 6.1 కోట్ల కెమెరాకు 264 దక్కుతాయి. తేడా ఉంది, కానీ అన్ని పిక్సెళ్లూ కలిపి లెక్కిస్తే రెండున్నర రెట్లని కనిపించేది, ఒక గీత వెంట కొలిస్తే ఒకటిన్నర రెట్ల కంటే కాస్త ఎక్కువ మాత్రమే. అప్పు చేసి కొనేవాళ్లు ఈ రెండో లెక్కనే చూసుకోవాలి.

ఈ పరీక్షలన్నిటిలో కష్టమైనది ఒకేసారి రెండు మార్చకుండా ఉండటం. ఎఫ్ నంబరు మార్చిన చేత్తోనే ట్రైపాడ్ జరపాలనిపిస్తుంది. ఫోకస్ సరిచేస్తూ స్టెబిలైజేషన్ కూడా ఆపేయాలనిపిస్తుంది. ఫొటో బాగుపడుతుంది, ఎందుకు బాగుపడిందో తెలియదు. 1815లో 100 అడుగుల ఉక్కు గొలుసుతో సాగిన బీదర్ కొలతను 1841లో సర్వే అధికారి ఆండ్రూ వా మళ్లీ చేపట్టింది ఇందుకే. ఈసారి గొలుసు స్థానంలో ఇత్తడి, ఇనుము జంట కడ్డీలు వచ్చాయి. వేడికి రెండు లోహాలూ వేర్వేరుగా సాగినా చివరి చుక్కల మధ్య పది అడుగులు మారకుండా వాటిని బిగించారు. గొలుసు సాగిందా, నేల పొడవే అంతా అన్న సందేహం మిగలకూడదని ఆ తంటా. కెమెరా పరీక్షకు కడ్డీలు అక్కర్లేదు, ఒక నోటుపుస్తకం చాలు. పొద్దు ఎంతైంది, ఎండా మబ్బా, దూరమెంత, ఈ వరుసలో మార్చినదేమిటి అని ఒక్కో వరుసకు ఒక్కో గీత రాస్తే సరిపోతుంది. షట్టర్ వేగం, ఎఫ్ నంబరు ఫైల్లోనే ఉంటాయి. గాలి సంగతి, ట్రైపాడ్ కింద రాయి ఉందా మట్టి ఉందా అన్న సంగతి ఏ ఫైల్లోనూ ఉండవు.

ఇవన్నీ దుకాణం మార్పిడికి ఇచ్చే గడువు లోపలే జరగాలి. ఆన్‌లైన్‌లో కొంటే ఆ గడువు కొన్ని రోజులే. అందుకని కొన్న మరుసటి పొద్దునే మొదలుపెట్టడం మంచిది. పరీక్షకు ముందు లెన్స్ ముందున్న చవక ఫిల్టర్ తీసేయాలి, జేపెగ్‌తోపాటు రా ఫైలు కూడా వచ్చేలా పెట్టుకోవాలి. కెమెరా తనంతట తాను అద్దే షార్ప్‌నింగ్ జేపెగ్‌లో తప్పులను కప్పేస్తుంది. అన్నీ చూశాక కూడా ఒక మూల చెడుతూనే ఉంటే అదే లెన్స్‌ను ఇంకో స్టూడియో వాళ్ల బాడీకి, వాళ్ల లెన్స్‌ను ఈ బాడీకి తగిలించి అదే నిచ్చెనను మళ్లీ తీయాలి. మసక లెన్స్ వెంట పోతే లెన్స్, బాడీ దగ్గరే ఉండిపోతే బాడీ. సర్వీస్ సెంటర్‌కు పోయేటప్పుడు "సరిగా వస్తలేదు" అని మాత్రమే చెబితే వాళ్లు శుభ్రం చేసి ఇచ్చి పంపుతారు. నాలుగు మూలల రా ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఫలానా ఎఫ్ నంబరు దగ్గర పై కుడి మూల ఇలా వస్తోందని చూపిస్తే, అదే మూలను వాళ్లూ తమ చార్టు మీద తీసి చూడక తప్పదు.